దీర్ఘచతురస్రం దగ్గర కాస్త ఆగు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

ప్రాథమికోన్నత పాఠశాలలో నీకు పోస్టింగ్ వచ్చిందనీ, ఆరో తరగతికి లెక్కలు చెప్పబోతున్నావనీ మీ అమ్మ నిన్న ఫోను చేసింది. నా తర్వాత మన ఇంట్లో మళ్లీ ఒకరు సుద్దముక్క పట్టుకుంటున్నారని మురిసిపోతుండగానే, మొదలుపెట్టేది రేఖాగణితంతోనట అంది. ఆ తర్వాత కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు. మీ పెదనాన్న తిని ఏమీ అనలేదు కాబట్టి వేసే ఉంటాను.

ముందు వృత్తలేఖిని సంగతి. నలభై మంది పిల్లలంటే నలభై ముళ్లు. అవసరమైన రోజే బయటికి తీయించు, చేత్తో పట్టుకుని ఎవరినీ బెంచీ దిగనివ్వకు. నా సర్వీసులో ఒక్క కంటికీ దెబ్బ తగలలేదు. అయినా ఆ ముల్లు ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది.

కొలత స్కేలు అంచు నుంచి కాదు, సున్నా గీత నుంచి. కోణమానిని మీద రెండు వరసల అంకెలు ఉంటాయి కనుక 60 డిగ్రీలను సగం తరగతి 120 అని చదువుతుంది. కొలిచే ముందే అల్పకోణమో అధికకోణమో కంటితో చూసి చెప్పమను. గీతలు పొడుగ్గా ఉంటే కోణం పెద్దదనుకుంటారు. తరగతి తలుపు తెరిచి చూపించు. తలుపు ఎంత తెరుచుకుందన్నదే కోణం, దాని వెడల్పుతో పని లేదు. త్రిభుజాన్ని ప్రతిసారీ చాప మీద కూర్చోబెట్టినట్టు గీయకు, ఒక్కోసారి తలకిందులుగా కూడా గీయి.

చుట్టుకొలత, వైశాల్యం కలిపేసుకుంటారు. పన్నెండు అగ్గిపుల్లలు (మందు గీకేసినవి, మర్చిపోకు) ఇచ్చి దీర్ఘచతురస్రాలు పేర్చమను. 5, 1 పుల్లల భుజాలైతే లోపల 5 గళ్లు, 4, 2 అయితే 8, 3, 3 అయితే 9. కంచె అంతే ఉంది, పొలమే మారిందని వాళ్లే అంటారు.

ఇక్కడే ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. మూడుకు మూడు అయితే చతురస్రం కదా టీచర్, దీర్ఘచతురస్రం ఎలా అవుతుందని. నా తరగతిలో ఒక పిల్లవాడు దీన్నే తిప్పి అడిగాడు.

తాపీమేస్త్రీ కొడుకు. సెలవుల్లో తండ్రి వెంట పునాదుల దగ్గరికి వెళ్లేవాడు. నేను బోర్డు మీద రెండు బొమ్మలూ గీసి, ఇది చతురస్రం, ఇది దీర్ఘచతురస్రం, రెండూ వేరు అన్నాను. వాడు లేచి, "రెండూ ఒకటే టీచర్. పొడుగు గదికైనా చదరం గదికైనా మా నాన్న ముగ్గు పోసేది ఒకేలాగ. మూలమట్టం పెడతాడు, మూలకు మూల తాడు పట్టి చూస్తాడు. సరిపోతే గది సరిగ్గా ఉన్నట్టే" అన్నాడు. నేనేం చేశానో తెలుసా? తరగతి వైపు తిరిగి "దీర్ఘం అంటే ఏమిటర్రా?" అన్నాను. "పొడుగు!" అని అందరూ అరిచారు. "మరి ఇది పొడుగ్గా ఉందా?" నవ్వులే నవ్వులు. వాడు కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్లీ చెయ్యెత్తలేదు. నాకు ఆ సంగతి కూడా పట్టలేదు, తరగతి ప్రశాంతంగా ఉందనుకున్నాను.

కొన్నేళ్ల తర్వాత ప్రశ్నపత్రం తయారుచేస్తూ నిర్వచనం రాశాను. నాలుగు కోణాలూ లంబకోణాలైన చతుర్భుజం దీర్ఘచతురస్రం. అంతే. పొడుగు ఊసే లేదు. కలం కింద పెట్టేశాను. ఆ పాటికి వాడు బడి వదిలి వెళ్లిపోయాడు.

తప్పు సగం పేరుదే. యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత సంస్కృత గ్రంథం బౌధాయన శుల్బసూత్రాల్లో చదరాన్ని సమచతురస్రం అంటారు, పొడుగుదాన్ని దీర్ఘచతురస్రం. చతురస్రమంటే నాలుగు మూలలది అని మాత్రమే. మనం "సమ"ను రాల్చేసి "దీర్ఘ"ను ఉంచుకున్నాం. మిగతా సగం నాదే, పేరు మీదకు నెట్టలేను. 1957లో వాన్ హీలె అనే డచ్చి ఉపాధ్యాయ దంపతులు చెప్పినదేమిటంటే, పిల్లలు మొదట ఆకారాన్ని చూస్తారు, తర్వాత దాని గుణాలను, ఆ తర్వాతే గుణాల మధ్య సంబంధాలను. ఒక మెట్టు మీది మాట మరో మెట్టు మీదివాళ్లకు అందదు. ఆ రోజు కింది మెట్టు మీద ఉన్నది నేను.

నీకు చిన్నప్పటి నుంచీ తొందర, అమ్మలూ. ఎదుటివాళ్లు మాట మొదలుపెడితే చివర నువ్వే అతికిస్తావు. ఇంట్లో అయితే చెల్లింది. తరగతిలో ఎవరైనా వింతగా చెబితే "ఎలా చూశావో చెప్పు" అని, నోరు మూసుకుని నిలబడు. అది నీకు కష్టమే. ముగ్గులో చుక్క తప్పితే తుడిచి మళ్లీ పెట్టే ఓపిక నీకుందని నాకు తెలుసు, వాకిట్లో చలికి వణుకుతూ గంటసేపు కూర్చునేదానివి.

నిర్వచనం బోర్డు మీద రాసి ఉంచు. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో నాలుగు పుల్లలు కలిపి చతురస్రం చేయించు, ఒక మూల నొక్కమను. భుజాలు మారవు, లంబకోణాలు పోతాయి. నిర్వచనంతో పోల్చి ఇప్పుడిది ఏమిటో వాళ్లనే తేల్చుకోనివ్వు.

బోర్డుకు వాడే నా చెక్క వృత్తలేఖినిని మీ అమ్మతో పంపుతున్నాను. ముల్లుకు సీసా బిరడా గుచ్చాను. వాడాక మళ్లీ గుచ్చు.

మీ పెద్దమ్మ