నిధుల్లేవని తీసేశారు, మళ్లీ గెస్ట్ ఫ్యాకల్టీని పెట్టుకున్నారు. కోర్టుకెళ్తే నిలుస్తుందా?

ప్రశ్న: సార్, ఏపీలో ఒక స్టేట్ యూనివర్సిటీ హిస్టరీ డిపార్ట్‌మెంట్‌లో 2014 నుంచి అకడమిక్ కన్సల్టెంట్‌గా, అంటే కాంట్రాక్ట్ మీద పాఠాలు చెప్పే టీచర్‌గా చేశాను. పీహెచ్‌డీ, నెట్ రెండూ ఉన్నాయి. 2025 జూన్‌లో రిజిస్ట్రార్ పిలిచి బడ్జెట్ లోటు ఉంది, అడ్మిషన్లు లేవు, మీ డిపార్ట్‌మెంట్‌ని వేరేదాంట్లో కలిపేస్తున్నాం, రేపట్నుంచి రావద్దు అన్నారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. అప్పటికే నాలుగు నెలల జీతం బాకీ. బంగళా రిపేర్లకి, కార్లకి డబ్బులుంటాయి గానీ మాకు మాత్రం ఉండవు. నాన్నకి డయాలసిస్, పిల్లల ఫీజులు, చెప్పుకుంటే తీరేది కాదు. ఐదు వినతి పత్రాలు ఇచ్చినా జవాబు లేదు. సెప్టెంబర్‌లో మా పేపర్లు చెప్పడానికే గంటకింత అని ప్రకటన వేసి గెస్ట్ ఫ్యాకల్టీని తీసుకున్నారు. నా మొదటి ఆర్డర్ ఎక్కడో పోయింది, రిటైరైన మా హెచ్ఓడీ గారు పాత తేదీ వేసి ఒక లెటర్ ఇస్తానంటున్నారు. బడ్జెట్ లేదన్నది అబద్ధమని కోర్టులో నిరూపించగలమా?

జవాబు: నిరూపించలేరు మాస్టారూ, నిరూపించక్కర్లేదు కూడా. యూనివర్సిటీ తరఫు లాయరు (స్టాండింగ్ కౌన్సెల్) ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంట్ ఇంత వచ్చింది, జీతాలకి పెన్షన్లకే చాలట్లేదు అని పట్టిక వేసి కౌంటర్ దాఖలు చేస్తాడు, ఆ లెక్కలు తప్పో ఒప్పో తేల్చే పని హైకోర్టు పెట్టుకోదు. కార్లు, బంగళా అంటూ అఫిడవిట్‌లో నాలుగు పేజీలు రాశారంటే అసలు పాయింట్ ఐదో పేజీకి పోతుంది.

మీ కేసు తేలేది మీరు ఉత్తరం చివర్లో ఏదో మాటవరసకి చెప్పినట్టు రాసిన ఆ సెప్టెంబర్ ప్రకటన మీద. నిజంగా కోర్సే ఎత్తేసి, చెప్పడానికి పాఠమే లేకపోతే కాంట్రాక్ట్ మనిషిని కొనసాగించమని ఏ కోర్టూ అనదు. కానీ అవే పేపర్లు, అవే క్లాసులు ఉండి, మీ బదులు ఇంకో తాత్కాలిక మనిషిని తెచ్చుకుంటే పని పోలేదు, మీరొక్కరే పోయారన్నమాట. ఒక తాత్కాలిక ఉద్యోగిని తీసేసి ఇంకో తాత్కాలిక ఉద్యోగిని పెట్టకూడదు, రెగ్యులర్‌గా సెలక్టయినవాళ్లు వస్తేనే తప్పించాలి అని 1992లో పియారా సింగ్ కేసు నుంచీ సుప్రీంకోర్టు చెప్తోంది, 2022లో మనీష్ గుప్తా కేసులో మధ్యప్రదేశ్ గెస్ట్ లెక్చరర్లకి కూడా అదే చెప్పింది. డబ్బుల్లేవన్న మాట మంత్రంలా చదివి బాధ్యత దులుపుకోవడం కుదరదని 2025 ఆగస్టులో ధరమ్ సింగ్ కేసులోనూ అంది, అది యూపీలో డైలీవేజ్ వాళ్ల కేసు, మీకు పక్క సాయంగా పనికొస్తుంది.

అయితే మనీష్ గుప్తా కేసులో వాళ్లు ప్రకటన, ఇంటర్వ్యూ ద్వారా వచ్చినవాళ్లు. మీరు 2014లో అలాగే వచ్చారా, హెచ్ఓడీ నోటిమాట మీద చేరారా? అసలు రాయాల్సింది అది, మీరు అదే రాయలేదు. పైగా ఆర్డర్ పోయిందంటున్నారు. పదకొండేళ్లు పిల్లలకి శాసనాలు, తామ్రపత్రాలు అని పాఠం చెప్పిన మనిషి సొంత ఆర్డర్‌కి ఒక జిరాక్స్ తీసిపెట్టుకోకపోతే ఎట్లా?

ఆ పాత తేదీ లెటర్ జోలికి మాత్రం వెళ్లకండి. హెచ్ఓడీ గారి మనసు మంచిదే కావచ్చు, కానీ యూనివర్సిటీ నుంచి వెళ్లే ప్రతి లెటర్‌కీ డిస్పాచ్ రిజిస్టర్‌లో నంబర్ పడుతుంది, అవతలివాళ్లు 2014 రిజిస్టర్ తెచ్చి ఆ నంబర్ మీద వేరే ఎవరిదో హాస్టల్ బిల్లు చూపించారంటే హైకోర్టులో మీరు వేసే రిట్ పిటిషన్ అక్కడితో సరి, ఆ పైన ఫోర్జరీ కేసు మీకూ ఆయనకీ ఇద్దరికీ. ఆయన పెన్షన్ కూడా ఇరుకున పడుతుంది.

దాని అవసరం కూడా లేదు. బ్యాంకుకెళ్లి 2014 నుంచి స్టేట్‌మెంట్ తీయించండి, యూనివర్సిటీ ఖాతా నుంచి నెలనెలా పడిన జీతం అందులో కనబడుతుంది. టైమ్‌టేబుళ్లు, ఇన్విజిలేషన్ డ్యూటీ ఆర్డర్లు, వాల్యుయేషన్ రెమ్యునరేషన్ బిల్లులు, ఏడాదికోసారి ఇచ్చిన రెన్యువల్ కాపీలు ఏవి దొరికితే అవి పోగుచెయ్యండి. సర్వీసు మధ్యలో నాలుగు రోజులు బ్రేక్ చూపించినా కంగారు పడకండి, అది వాళ్లు అందరికీ వేసే ఎత్తే. వాట్సాప్ గ్రూప్‌లో వచ్చిన టైమ్‌టేబుల్ వాడితే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ, జత చెయ్యాలి, గ్రూప్ నుంచి బయటకొచ్చేసి ఫోన్ మార్చేస్తే మళ్లీ దొరకదు.

గడువు సంగతి. రిట్‌కి ఇన్ని రోజులు అని లిమిటేషన్ లేదు గానీ ఆలస్యం ఎందుకైందని అడుగుతారు, ఐదు వినతి పత్రాలు ఇచ్చానంటే అది సమాధానం కాదు. వినతి పత్రం ఇస్తూ పోతే గడువు పెరగదని 2008లో సి.జాకబ్ కేసులోనే చెప్పారు. ఆరోది రాయకండి. జీతం బాకీకి మూడేళ్లు, ఏ నెల జీతం ఆ నెల నుంచి లెక్క. ఆ గెస్ట్ ఫ్యాకల్టీని రెండో ఏడాది కూడా కొనసాగించారంటే వాళ్లకీ ఒక హక్కు ఉందన్న వాదన మొదలవుతుంది, అందుకే రిట్‌లో వాళ్లని కూడా పార్టీలుగా చేర్చాలి.

లేబర్ కోర్టుకి వెళ్లమని ఎవరైనా చెప్తే వినకండి, టీచర్ కార్మిక చట్టం ప్రకారం కార్మికుడు (వర్క్‌మన్) కాడని 1988లో సుందరాంబాళ్ కేసులో తేలిపోయింది. హైకోర్టులోనే రిట్ వెయ్యాలి. నోటిమాటతో తీసెయ్యడం చెల్లదని, రెగ్యులర్ నియామకం జరిగేదాకా కొనసాగించాలని, నాలుగు నెలల జీతం వడ్డీతో ఇవ్వాలని అడగండి, మధ్యంతర ఉత్తర్వుకి పిటిషన్ కూడా దాంతోపాటే. పదేళ్లు దాటింది కాబట్టి పర్మనెంట్ అయిపోతాననుకోవద్దు, 2006 ఉమాదేవి తీర్పులో పదేళ్లు దాటినవాళ్లని పర్మనెంట్ చేసే ఆ మినహాయింపు ఒక్కసారికే ఇచ్చింది. 2024 డిసెంబర్‌లో జగ్గో కేసు తర్వాత కొంచెం గాలి మారింది కాబట్టి పర్మనెంట్ చెయ్యాలన్న ప్రేయర్ (కోర్టుని కోరేది) కూడా ప్రత్యామ్నాయంగా పెట్టించండి, అంతేగానీ దాని మీదే కేసంతా నిలబెట్టకండి. గ్రాట్యుటీ వేరే దరఖాస్తు, ఐదేళ్లు దాటిన టీచర్లకి వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

ఈలోగా గెస్ట్‌గా రమ్మని పిలిచి, పాత సర్వీసు మీద క్లెయిమ్ లేదని అండర్‌టేకింగ్ అడుగుతారు. ఇల్లు గడవాలి, చేరొద్దని నేననను. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టకండి, మరీ తప్పకపోతే హక్కులు వదులుకోవట్లేదు, అభ్యంతరంతో చేరుతున్నాను అని మీ సంతకం పక్కనే రాసి ఒక ఫోటో తీసుకోండి.

పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు ఇవాళే పెట్టండి, డిపార్ట్‌మెంట్ విలీనానికి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ (యూనివర్సిటీ పాలకమండలి) తీర్మానం ఉందా, మీ పోస్టు ప్రభుత్వం మంజూరు చేసిన శాంక్షన్డ్‌దా, ఫీజుల మీద నడిచే సెల్ఫ్ ఫైనాన్స్‌దా, 2014 నోటిఫికేషన్, సెలక్షన్ కమిటీ ప్రొసీడింగ్స్ కాపీ, ఇప్పుడు గెస్ట్ ఫ్యాకల్టీ ఎవరెవరు ఏ పేపర్ చెప్తున్నారు, ఇవి అడగండి. 30 రోజుల్లో ఇవ్వకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు. జవాబు వచ్చేదాకా రిట్ ఆపాల్సిన పనిలేదు. అన్నిటికన్నా ముందు ఆ సెప్టెంబర్ ప్రకటన పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీయండి, వెబ్‌సైట్‌లో పాత నోటీసులు ఎప్పుడు తీసేస్తారో చెప్పలేం.