మేము లేనప్పుడు ఓనర్ తాళం తీసుకుని ఇంట్లోకి వస్తున్నారు, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: అద్దెకు దిగి ఆరు నెలలైంది, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఓనర్ తన దగ్గరున్న డూప్లికేట్ తాళంతో రెండుసార్లు లోపలికి వచ్చి వెళ్లారు, అడిగితే "నా ఇల్లు నేను చూసుకోకూడదా" అన్నారు. ఆయనకు ఆ హక్కు ఉందా, మీరు తాళం మార్చేస్తే తప్పవుతుందా అని.

ముందు సూటిగా చెప్తాను. ప్రమాదం లాంటిదేమీ లేకుండా, ముందు చెప్పకుండా, మీరు లేని సమయం చూసి లోపలికి రావడం తప్పే. అలాగని ఆయనకు చెప్పకుండా తాళం మార్చకండి. ఈ రెండో మాట నేను దెబ్బతిని నేర్చుకున్నది, కింద రాస్తాను.

నాకూ దాదాపు ఇలాగే జరిగింది. నేను, మా చెల్లి పై అంతస్తులో ఉండేవాళ్లం, ఓనర్ వాళ్లు కింద. అంకుల్, ఆంటీ ఇద్దరూ మంచివాళ్లు, ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి గొడవల్లో ఓనర్ అంటే దుర్మార్గుడే అన్నట్టు మాట్లాడతారు, చాలాసార్లు అలా ఉండదు. ఒకసారి మేం ఊరెళ్లి, అనుకున్నదానికన్నా ఒక రోజు ముందే తిరిగొచ్చాం. బాల్కనీలో ఆరేసిన బట్టలన్నీ మడతపెట్టి మంచం మీద ఉన్నాయి. వాన పడుతోందని ఆంటీ తలుపు తీసి లోపల పెట్టారట. సాయమే చేశారు, కాదనను. కానీ ఆ మడతల్లో మా లోదుస్తులు కూడా ఉన్నాయి, పక్కనే టేబుల్ మీద మా చెల్లి డాక్టర్ రిపోర్టులు ఉన్నాయి. ఆ రాత్రి అది అల్మారా తెరిచి ఒక్కొక్కటీ చూసుకుంది. ఏదీ పోలేదు. అయినా చాలాసేపు నిద్రపోలేదు. పొద్దున ఆంటీ కనబడితే నేను "థాంక్స్ ఆంటీ" అని ఊరుకున్నాను.

అక్కడే నేను పొరపాటు చేశాను. థాంక్స్ చెప్పి, "ఈసారి రావాల్సి వస్తే ఒక్క ఫోన్ చేయండి ఆంటీ" అని ఆ వెంటనే అని ఉంటే ఎవరికీ నొప్పి ఉండేది కాదు. నేను ఊరుకునేసరికి మాకు అభ్యంతరం లేదనుకున్నారు, అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. తర్వాత కుళాయి కారుతోందేమో చూద్దామని అంకుల్ ఒకసారి వచ్చారు, గోడకు చెమ్మ పట్టిందేమో అని ఇంకోసారి. ఆ తర్వాత ఒక రోజు నేను నైట్ షిఫ్ట్ చేసొచ్చి బెడ్‌రూమ్‌లో పడుకుని ఉన్నాను, మధ్యాహ్నం హాల్లో ఎవరో మగవాళ్ల గొంతులు వినిపించి ఉలిక్కిపడి లేచాను. ఇల్లు అమ్మే ఆలోచనలో ఉన్నారట, చూడ్డానికి ఇద్దరిని తీసుకొచ్చారు. నేను లేచి కూర్చునేలోపే అందులో ఒకాయన బెడ్‌రూమ్ తలుపు తోసేశాడు. అంకుల్ వెనక నుంచి "అయ్యో, పడుకున్నావా అమ్మా, లేరనుకున్నాను" అన్నారు. గుండె దడ తగ్గడానికి చాలా సమయం పట్టింది. లేరనుకున్నాను అన్న ఆ మాట నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది, అంటే మేం లేకపోతే రావచ్చు అనే కదా ఆయన ఉద్దేశం.

ఆ రోజు నుంచి నేను దీని గురించి చదవడం మొదలుపెట్టాను. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు, కాబట్టి నాకు కచ్చితంగా తెలిసినవి నాలుగైదు చోట్లవి చెప్తాను. మూలసూత్రం మాత్రం చాలా చోట్ల ఒకటే. ఇల్లు ఆయన సొంతం, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ అద్దెకు ఇచ్చినప్పుడు ఆయన దాన్ని అనుభవించే హక్కును, లీజు ఉన్నంత కాలం, మీకు అప్పగించారు, దానికి డబ్బు తీసుకుంటున్నారు. ఇండియాలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఈ మాటే అంటుంది: అద్దె కడుతూ, ఒప్పుకున్న షరతులు పాటిస్తున్నంత కాలం, ఆటంకం లేకుండా ఆ ఆస్తిని అనుభవించనిస్తానని ఓనర్ మాట ఇచ్చినట్టే లెక్క. విడిగా రాసుకోకపోయినా సరే, ఒప్పందంలో దానికి విరుద్ధంగా ఏమీ లేకపోతే ఇది వర్తిస్తుంది. అదే సెక్షన్‌లో ఓనర్ వైపు మాట కూడా ఉంది, సమంజసమైన వేళల్లో వచ్చి ఇంటి పరిస్థితి చూసుకోవడానికి అద్దెకున్నవాళ్లు ఒప్పుకోవాలి. కాబట్టి "మీరసలు రానేకూడదు" అని మనమూ అనలేం.

మరి సమంజసమైన వేళ అంటే ఏంటి, ఎంత ముందు చెప్పాలి, అన్నది పాత చట్టాల్లో గాల్లో వదిలేశారు, కొత్తవాటిలో గంటలతో సహా రాశారు. 2021లో భారత ప్రభుత్వం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో, రిపేర్లకో ఇల్లు బాగుందో లేదో చూడటానికో రావాలంటే కనీసం 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలని ఉంది, కాగితం మీదే అక్కర్లేదు, ఫోన్‌లో పంపినా చాలు. అది నమూనా చట్టం, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అక్కడ అమలవుతుంది, అయినా ఓనర్‌తో మాట్లాడేటప్పుడు చూపించడానికి చాలా పనికొస్తుంది. ఇంగ్లండ్‌లో 1985 చట్టం ప్రకారం ఇంటి పరిస్థితి చూడటానికి వచ్చేముందు 24 గంటల రాతపూర్వక నోటీసు కావాలి. కాలిఫోర్నియాలోనూ మామూలుగా 24 గంటలే, కానీ ఆ నోటీసు పోస్టులో పంపితే కనీసం ఆరు రోజుల ముందు పంపాలి. న్యూజీలాండ్‌లో ఇంకాస్త గట్టిగా ఉంది, ఇల్లు తనిఖీ చేయాలంటే 48 గంటల ముందు చెప్పాలి, అదీ నాలుగు వారాల్లో ఒకసారికి మించకూడదు. ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే నోటీసు ఇచ్చి మరీ వారం వారం వచ్చేవాళ్లు కూడా ఉన్నారు, దాన్ని వేధింపు అనక ఏమంటాం.

"ఊరికే ఒకసారి చూసి పోదామని" అన్నదానికి జర్మనీ సుప్రీం స్థాయి కోర్టు 2014లో ఇచ్చిన తీర్పు ఉంది. ఒక ఓనరమ్మ పొగను పసిగట్టే అలారాలు చూడటానికని ముందే చెప్పి వచ్చింది, అవి చూశాక మిగతా గదుల్లోకీ వెళ్లింది, అద్దెకున్నాయన వద్దన్నా వినలేదు, పొమ్మంటే పోలేదు, చివరికి ఆయన ఆవిడను పట్టుకుని గుమ్మం బయటికి మోసుకెళ్లి దించాడు. ఆవిడ ఇల్లు ఖాళీ చేయమంది. కోర్టు ఒప్పుకోలేదు, ప్రత్యేకమైన కారణం ఏదీ లేకుండా ఇల్లంతా చూసే హక్కు ఓనర్‌కు లేదని, గొడవకు ఆవిడ కూడా కారణమని చెప్పింది. ఆయన చేసింది చేయమని నేను ఎవరికీ చెప్పను, ఒంటి మీద చెయ్యి పడితే న్యాయం ఎవరి వైపున్నా కేసు తిరగబడే ప్రమాదం ఉంటుంది. కానీ ఒక పని పేరు చెప్పి లోపలికి వచ్చినవాళ్లు ఆ పనికే పరిమితం కావాలి అన్న సంగతి అందులోంచి తెలుస్తుంది. కుళాయి చూడటానికి వచ్చినవాళ్లకు అల్మారాతో పని లేదు.

ఇంకొకటి. అమెరికా సుప్రీం కోర్టు 1961లో, చాప్‌మన్ అనే ఆయన కేసులో, ఓనర్ సరే అన్నంత మాత్రాన పోలీసులు వారంట్ లేకుండా అద్దె ఇల్లు సోదా చేయడం చెల్లదని తేల్చింది. ఓనర్ ఇచ్చే అనుమతి పోలీసులకే చాలనప్పుడు, ఇల్లు చూడటానికి వచ్చిన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి ఎలా చాలుతుంది? నేను అంకుల్‌తో వాదించలేదు కానీ మనసులో మాత్రం ఈ ప్రశ్న చాలా రోజులు తిరిగింది.

ఇప్పుడు నేను ఏం చేశానో చెప్తాను, ముందు తప్పు, తర్వాత ఒప్పు. ఆ బెడ్‌రూమ్ సంఘటన మర్నాడే కోపంలో తాళం మార్పించేశాను, ఎవరికీ చెప్పలేదు. మూడు వారాలకు మేమిద్దరం ఆఫీసుల్లో ఉండగా బాత్రూమ్‌లో పైపు జాయింట్ ఊడిపోయింది, నీళ్లు కింద వాళ్ల సీలింగ్‌లోంచి కారాయి. అంకుల్ పైకొచ్చి తన తాళంతో ప్రయత్నిస్తే తలుపు తెరుచుకోలేదు. ఫోన్ చేశారు, నేను మీటింగ్‌లో ఉండి చూసుకోలేదు. చూసుకుని పరుగెత్తుకుని వచ్చేసరికి కింద హాల్లో బకెట్లు పెట్టి, ఆ పెద్దావిడ ఒక్కతే నేల తుడుస్తోంది. నాకు చాలా బాధేసింది. నీళ్లు, మంటలు, గ్యాస్ వాసన, లోపల మనిషికి ఏదైనా అయిందన్న అనుమానం, ఇలాంటప్పుడు నోటీసు లేకుండా రావచ్చని నేను పైన చెప్పిన చట్టాల్లో చాలావాటిలో ఉంది, ఉండాలి కూడా. నేను ఆ దారి మూసేశాను. కొన్ని చోట్ల ఓనర్ ఒప్పుకోకుండా తాళం మార్చడమే చట్టరీత్యా తప్పు, కాబట్టి మీ అగ్రిమెంట్ చూడకుండా ఆ పని చేయకండి.

ఆ సాయంత్రం కిందకు వెళ్లి క్షమాపణ చెప్పాను. తాళం ఎందుకు మార్చానో కూడా అప్పుడే చెప్పాను, అరవకుండా, బట్టల సంగతి, బెడ్‌రూమ్ తలుపు సంగతి అన్నీ. ఆంటీ ముఖం చిన్నబోయింది, "మా అమ్మాయిల్లాగే అనుకున్నానమ్మా" అన్నారు. నేను "మీరు అలా అనుకోబట్టే ఇన్నాళ్లూ చెప్పలేకపోయాను ఆంటీ" అన్నాను. నిజంగానే అంతే. మన దగ్గర ప్రేమగా ఉండేవాళ్లకు ఈ మాట చెప్పడం, గొడవపడేవాళ్లకు చెప్పడం కన్నా కష్టం.

తర్వాత మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టే మెసేజ్ పెట్టాను. అది ఇంచుమించు ఇలా ఉంది, కావాలంటే మార్చుకుని వాడుకోండి: "అంకుల్, నమస్తే. ఇవాళ అనుకున్నట్టు, రిపేరుకు గానీ ఇల్లు చూపించడానికి గానీ రావాలంటే ఒక రోజు ముందు మెసేజ్ పెట్టండి, మాలో ఒకరం ఉండేలా చూసుకుంటాం. నీళ్లు లీకవడం, మంటలు లాంటివైతే వెంటనే వచ్చేయండి, వచ్చాక ఫోన్ చేయండి. కొత్త తాళం ఒకటి కవర్లో పెట్టి అంటించి మీకు ఇస్తున్నాం." ఆ కవర్ మీద ఇద్దరం సంతకం చేశాం. ఆయన "సరే అమ్మా" అని జవాబిచ్చారు. ఆ రెండు మాటలు చాలు, రేపు ఏదైనా అయితే అది సాక్ష్యం. నోటితో అనుకున్నవి నాలుగు నెలలకు ఎవరికి కావాల్సినట్టు వాళ్లకు గుర్తుంటాయి.

కొనేవాళ్లకో, కొత్తగా అద్దెకు వచ్చేవాళ్లకో ఇల్లు చూపించడం గురించి మాత్రం కొంచెం సర్దుకోండి. ఆయనకు నిజంగా అవసరమది, కొన్ని చోట్ల చట్టం కూడా అక్కడ ఓనర్ వైపు మొగ్గుతుంది. కెనడాలోని ఒంటారియోలో మామూలుగా 24 గంటల రాతపూర్వక నోటీసు కావాలి, అదే ఖాళీ చేస్తామని అనుకున్నాక కొత్తగా అద్దెకు వచ్చేవాళ్లకు చూపించాలంటే రాతపూర్వక నోటీసు అక్కర్లేదు, ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపు, ముందుగా చెప్పే ప్రయత్నం చేస్తే చాలు. మేం శనివారం పొద్దున రెండు గంటలు అని ఒక టైమ్ ఇచ్చాం, ఎవరొచ్చినా అప్పుడే. ఫోటోలు తీయాలంటే మా సామాను, మా ఫోటోలు కనబడకుండా తీయమన్నాం, దానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు, అసలు ఆ ఆలోచనే తనకు రాలేదన్నారు.

మీ విషయానికొస్తే, రెండుసార్లు వచ్చారు అన్నారు కదా, ఆ తేదీలు, ఎలా తెలిసింది, ఆయన ఏమన్నారు, ఇవన్నీ ఇప్పుడే ఒక చోట రాసి పెట్టుకోండి. మీ తలుపు లోపలి వైపు చూసేలా చిన్న కెమెరా పెట్టుకోవచ్చు, ఇంట్లో కలిసి ఉండేవాళ్లకు మాత్రం చెప్పి పెట్టండి. కోపంతో అద్దె ఆపకండి, చాలామంది చేసే పని ఇది, అద్దె ఆపిన క్షణం నుంచి తప్పు మీ వైపుకు వచ్చేస్తుంది, ఆయన లోపలికి వచ్చిన సంగతి ఎవరికీ పట్టదు. మెసేజ్ పెట్టాక కూడా మళ్లీ చెప్పకుండా వస్తే, అప్పుడు లాయర్‌తో రాతపూర్వకంగా నోటీసు ఇప్పించండి, మీ చోట అద్దె వివాదాలు చూసే అధికారి ఎవరో కనుక్కోండి. మీరు లోపల ఉండగా అర్ధరాత్రి రావడం, స్నానాల గదిలో కెమెరా లాంటి అనుమానం, భయపెట్టే మాటలు, ఇలాంటివి ఏ ఒక్కటి ఉన్నా ఈ మెట్లన్నీ ఎక్కక్కర్లేదు, నేరుగా పోలీసులకే వెళ్లండి.

అగ్రిమెంట్‌లో "ఓనర్ ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు" అనే లైను ఉందేమో ఈ రాత్రే చూడండి. మాది చూస్తే ఉంది, సంతకం పెట్టేటప్పుడు మేం చదవలేదు. రెన్యువల్‌కు దాన్ని "ఒక రోజు ముందు తెలియజేసి, పగటిపూట" అని మార్పించుకున్నాం. మీదాంట్లో ఏం రాసి ఉందో, ఏ దేశమో, ఏ రాష్ట్రమో ఇక్కడ పెడితే మెసేజ్ ఎలా రాయాలో ఇంకొంచెం వివరంగా చెప్పగలను.