సీఏ వదిలేసి ఎన్నికల ఖర్చులు చూస్తానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి సీఏ ఇంటర్‌లో ఒక గ్రూపు పాసయ్యాడు. ఇప్పుడు అది మానేసి పొలిటికల్ కన్సల్టెన్సీలో చేరి అభ్యర్థుల ప్రచార ఖర్చులు చూస్తాడట. పక్కింటాయన కొడుకు బ్యాంకులో సెటిలయ్యాడు. ఏది మేలు?
ఓ తండ్రి, గాజువాక

జవాబు: ఎన్నికలు దగ్గరపడితే చాలు, ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి సార్. అడిగింది ఏది మేలని గానీ, మీ అసలు టెన్షన్ డబ్బు సంచుల మధ్య తిరిగి కేసుల్లో ఇరుక్కుంటాడేమోనని. పక్కింటి అబ్బాయి గొడవ మాత్రం దయచేసి ఆపండి, సగం పిల్లలు ఆ పోలిక భరించలేకే ఏదో ఒకదాంట్లో దూకేస్తున్నారు.

ఆ పనిలో శుభ్రమైన భాగం ఉంది. మన ఎమ్మెల్యే అభ్యర్థికి ఖర్చు పరిమితి 40 లక్షలు, నామినేషన్‌కు ముందే దానికోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. రిజిస్టర్‌లో తెల్ల కాగితాల మీద రోజువారీ ఖర్చు, గులాబీ కాగితాల మీద నగదు, పసుపు వాటి మీద బ్యాంకు లెక్క. టీ, టిఫిన్, కుర్చీ అద్దె అన్నిటికీ జిల్లా అధికారులు రేట్లు కడతారు, మీవాడు తక్కువ రాసినా ఎన్నికల పరిశీలకుల వైపు విడిగా రాసే షాడో రిజిస్టర్‌తో సరిపోల్చినప్పుడు తేలిపోతుంది. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వకపోతే, సరైన కారణం లేకుంటే, అభ్యర్థికి మూడేళ్ల అనర్హత. కార్పొరేటర్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి, పరిమితులు వేరు.

నా అనుమానమంతా కన్సల్టెన్సీ మోజు మీదే. 2019లో ఎన్నికల వ్యూహాల సంస్థ ఐ-ప్యాక్ పేరు మనవైపు మోగిన దగ్గర్నుంచి ల్యాప్‌టాప్ ఉన్న ప్రతివాడూ వ్యూహకర్తే. ఇది షామియానా వ్యాపారం లాంటి సీజన్ పని, కౌంటింగ్ అయ్యాక చాలాచోట్ల ఆఫీసుకు టూలెట్ బోర్డే, ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగితే ఫోనెత్తరు. పైగా పరిమితి అభ్యర్థికే గానీ పార్టీ ఖర్చుకు లేదు, దాంతో ఏది ఎవరి ఖాతాలో రాయాలన్న ఒత్తిడి చివరికి రిజిస్టర్ పట్టుకున్న కుర్రాడి మీదే పడుతుంది. "నీ ఫోన్‌పేకి వేస్తాం, మనవాళ్లకు సర్దెయ్" అంటారు. ఒక్క రూపాయి కూడా తన ఖాతాలో వేయించుకోవద్దని గట్టిగా చెప్పండి. మీరు భయపడాల్సింది దీనికి, రాజకీయం అనే మాటకు కాదు.

రెండో గ్రూపు రాశాక ఒక సీజన్ చేయనివ్వండి, జీతం బ్యాంకులో పడుతుందని ఆఫర్ లెటర్‌లో ఉంటేనే. పాసైతే అభ్యర్థుల లెక్కలు చూసే ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్ (సీఏకి తప్పనిసరి శిక్షణ) వెతుక్కోమనండి, అదే పని అక్కడా ఉంటుంది.