షుగర్ దాచారంటూ క్లెయిం తిరస్కరించారు.. ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్న 2023 జూన్‌లో రూ.10 లక్షల జీవిత బీమా పాలసీ తీసుకున్నారు. 2025 ఆగస్టులో గుండెపోటుతో చనిపోయారు. నామినీ అమ్మ. షుగర్ సంగతి దాచడం మోసమంటూ కంపెనీ క్లెయిం తిరస్కరించింది. ఫారం నింపింది ఏజెంటే, ఆయనకు షుగర్ గురించి తెలుసు. పాలసీ తీసుకున్నాకే షుగర్ వచ్చినట్లు డాక్టర్ సర్టిఫికెట్ పెడితే డబ్బులు వస్తాయని కొందరంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ఆ సర్టిఫికెట్ జోలికి మాత్రం పోకండి. ఇప్పటికి ఇది డబ్బు తగాదానే. దొంగ కాగితం పెడితే క్రిమినల్ కేసవుతుంది. మోసం చేసి డబ్బు తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. చేతికొచ్చిన సొమ్మును కూడా కంపెనీ సివిల్ దావా వేసి రాబట్టుకోవచ్చు.

పాలసీకి మూడేళ్లు నిండితే ఏ కారణంతోనూ దాన్ని ప్రశ్నించకూడదని బీమా చట్టం సెక్షన్ 45 చెబుతోంది. మీకు రెండేళ్లు దాటి రెండు నెలలే అయింది కాబట్టి కంపెనీ ప్రశ్నించగలదు. అయితే కారణాలు, ఆధారాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇక్కడ పెద్ద తేడా ఉంది. మోసం కాదు, వివరం వెల్లడించలేదంతే అని తేలితే, కట్టిన ప్రీమియంలు 90 రోజుల్లో తిరిగివ్వాలి. పైగా ఆ వివరం తెలిస్తే పాలసీ ఇచ్చేవాళ్లమే కాదని కంపెనీయే రుజువు చేసుకోవాలి. మోసమేనని కంపెనీ పట్టుబట్టితే మాత్రం, పాలసీదారు బతికి లేరు గనుక మోసం కాదని చూపే భారం అమ్మగారిదే. కష్టమైన నిబంధనే, కానీ మీకో ఆధారం ఉంది: పాలసీ మాట్లాడి కుదిర్చిన ఏజెంటును చట్టం కంపెనీ మనిషిగానే లెక్కిస్తుంది.

అందుకే ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం ఏజెంటు నింపిన దరఖాస్తు) కాపీ అడిగి తీసుకోండి. షుగర్ ప్రశ్న ఎదుట ‘లేదు’ అన్న రాత ఎవరిది? ఫారం ఇంగ్లీషులో, నాన్నగారి సంతకం తెలుగులో ఉంటే, చదివి వినిపించామన్న ధ్రువీకరణ ఉందా? ఏజెంటుతో సాగిన వాట్సాప్ మెసేజీలు చెరిపేయకండి.

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి, అందినట్లు రసీదు తీసుకోండి. నెలలో జవాబు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) వెళ్లొచ్చు. ఫీజు ఉండదు, లాయరు అక్కర్లేదు. రూ.50 లక్షల వరకు ఇప్పించే అధికారం ఉంది. అక్కడ న్యాయం జరగకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. తిరస్కరించిన రోజు నుంచి రెండేళ్లే గడువు. ముందే కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు, ఈ వరుస తప్పకండి.

నాన్నగారి పేరున పట్టా ఉండి, వయసు 59 లోపు అయితే, తెలంగాణ ప్రభుత్వ రైతు బీమాలో పేరుందేమో వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈవో) వెంటనే అడగండి. దాని కింద వచ్చే రూ.5 లక్షలకు, ఈ గొడవకు సంబంధం లేదు.