పైపు, పరుపు, రాత్రి వంతు: మంచాన పడ్డవారిని ఇంట్లో చూసుకోవడం

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే రోజు గురించి. ఆసుపత్రివాళ్లు 'ఇక ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి' అన్న రోజు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లుంటాయి. ముక్కులోంచి పొట్టలోకి వేసిన పైపు ద్వారా ఆహారం ఎలా పొయ్యాలో, మనిషిని పక్కకు ఎలా తిప్పాలో మాత్రం అందులో ఉండదు. అందుకే ఆ రెండింటికీ ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: మామయ్యగారికి 71 ఏళ్లు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట లేదు. ముక్కులో పైపుతో ఇంటికి పంపారు. నిన్న రాగిజావ పోస్తుంటే విపరీతంగా దగ్గారు. వారంలో రెండుసార్లు పైపు పూడుకుపోయింది కూడా. నేనేం తప్పు చేస్తున్నాను?
– ఒక కోడలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: దగ్గు సంగతి ముందు చూద్దాం, ప్రాణం మీదికి తెచ్చేది అదే. పోస్తుండగా దగ్గు వచ్చినా, ఆయాసపడినా, పెదాలు నల్లబడినా వెంటనే ఆపాలి. 'ఈ కాస్త పోసేసి ఆపుదాం' అనుకోకండి. జావ పొట్టలోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతే రెండు మూడు రోజుల్లో న్యుమోనియా పట్టుకోవచ్చు. నిన్నటి దగ్గు తర్వాత జ్వరం వచ్చినా, గొంతులో గురగుర వినిపించినా, ఊపిరి వేగంగా తీస్తున్నా ఇవాళే డాక్టరుకు చూపించండి. ఆయాసం ఎక్కువగా ఉంటే 108కి ఫోన్ చెయ్యండి.

దగ్గు సాధారణంగా రెండు కారణాలతో వస్తుంది. ఒకటి, మనిషిని చదునుగా పడుకోబెట్టి పొయ్యడం. తల, వీపు కలిపి 45 డిగ్రీలు లేచి ఉండాలి. తలకింద రెండు దిండ్లు పెడితే మెడ మాత్రమే వంగుతుంది, అది సరిపోదు. పోసిన తర్వాత కూడా గంటసేపు అలాగే ఉంచాలి. రెండోది, పైపు జారడం. ముక్కు అంచు దగ్గర పైపు మీద ఏ అంకె ఉందో చూసి పుస్తకంలో రాసుకోండి, అక్కడే పెన్నుతో గీత కూడా పెట్టండి. ప్రతిసారీ పోసేముందు గీత కదిలిందేమో చూడండి. నోరు తెరిపించి, పైపు గొంతులో చుట్టుకుని ఉందేమో టార్చి వేసి చూడండి. గీత కదిలితే ఏమీ పొయ్యొద్దు. పైపు కొస గ్లాసు నీళ్లలో ముంచి బుడగలు చూసే పద్ధతి చాలామంది చెబుతారు. దాన్ని నమ్మకండి, అది తప్పు చూపించగలదు.

ఇక పొయ్యడం. 50 మి.లీ. సిరంజితో ముందు మెల్లగా వెనక్కి లాగి చూడండి. ఇంతకుముందు పోసినదాంట్లో సగానికి మించి వెనక్కి వస్తే పొట్ట ఇంకా ఖాళీ కాలేదన్నమాట. లాగింది తిరిగి లోపలికే పంపి, గంట ఆగి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే వస్తే డాక్టరుకు చెప్పాలి. అంతా బాగుంటే 30 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్లు పోసి, తర్వాత ఆహారం మొదలుపెట్టండి. సిరంజి వెనక కడ్డీ తీసేసి, గొట్టాన్ని పొట్టకు అడుగు ఎత్తులో పట్టుకుంటే దానంతటదే దిగుతుంది. 200 మి.లీ. దిగడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పట్టాలి. చేత్తో నెట్టకండి, నెడితే వాంతి వస్తుంది. సిరంజి ఖాళీ అయ్యేలోపే మళ్లీ నింపాలి. లేదా పైపు మడిచి పట్టుకోవాలి, లేకపోతే గాలి లోపలికి పోయి పొట్ట ఉబ్బుతుంది. చివర్లో మరో 30 నుంచి 50 మి.లీ. నీళ్లు.

పైపు పూడుకుపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఆ చివరి నీళ్లు మరచిపోవడమే. తర్వాతి దోషం మాత్రల పొడిది. అన్ని మాత్రలూ కలిపి నూరి జావలో వెయ్యకూడదు. ఒక్కో మాత్రను విడిగా మెత్తగా నూరి 15 మి.లీ. నీళ్లలో కలిపి పంపి, రెండు మందుల మధ్య 10 మి.లీ. నీళ్లు పొయ్యండి. పేరు చివర ఎస్సార్, ఎక్సార్ అని ఉన్నవీ (మందు మెల్లమెల్లగా వదిలే రకాలు), పైన కోటింగు ఉన్నవీ నూరకూడదు. పక్షవాతం రోగులకు తరచుగా రాసే ఆస్పిరిన్‌లో, గ్యాసుకు ఇచ్చే పాంటాప్రజోల్‌లో ఈ కోటింగు రకాలే ఎక్కువ. చీటీ తీసుకెళ్లి 'పైపులో వెయ్యడానికి పనికొచ్చేవి రాయండి' అని డాక్టరును అడగండి.

పూడితే గోరువెచ్చని నీళ్లు సిరంజితో కొద్దికొద్దిగా లోపలికీ బయటికీ ఆడించి, పావుగంట ఆగి మళ్లీ ప్రయత్నించండి. తీగ దూర్చడం, కూల్‌డ్రింకు పొయ్యడం, బలంగా నెట్టడం వద్దు. పైపు ఊడి వస్తే ఇంట్లో ఎవరూ తిరిగి పెట్టకూడదు. నర్సు చేతనో ఆసుపత్రిలోనో పెట్టించాలి.

మీ ఉత్తరంలో రోజూ ఏమిస్తున్నారో కూడా రాశారు: రాగిజావ, బార్లీ, బత్తాయి రసం. దీంతో మనిషి చిక్కిపోతారు. రెండు చెంచాలు, అంటే సుమారు 20 గ్రాముల రాగిపిండి నీళ్లలో కాస్తే 65 కేలరీలకు మించి రావు. అదే పిండిని 200 మి.లీ. పాలలో పలచగా కాచి, చెంచా నూనె కలిపితే 240 దాకా వస్తాయి. బాగా ఉడికించిన పప్పు, మెత్తని అన్నం కలిపి మిక్సీలో తిప్పి, నీళ్లతో పలచన చేసి, టీ వడపోసే సన్నజల్లెడలో రెండుసార్లు వడకట్టి ఇవ్వొచ్చు. కిడ్నీ జబ్బుంటే పప్పు, పాలు, కొబ్బరినీళ్లు డాక్టరును అడగకుండా ఇవ్వకండి. షుగరుంటే పంచదార, పళ్లరసం వద్దు. ఎండాకాలం చేసినదాన్ని గంటలోపు వాడేయాలి, మిగిలింది పారబొయ్యాలి.

ఇంకొక్క మాట. చూడ్డానికి వచ్చినవాళ్లు 'ఒక్క చెంచా కొబ్బరినీళ్లు నోట్లో పోస్తే ఏమవుతుందమ్మా' అంటారు. మింగే శక్తి పోయినవారికి ఆ ఒక్క చెంచా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అదీ దగ్గు కూడా రాకుండా. కోడలు చెబితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు కాబట్టి మంచం పైన గోడకు 'నోటితో ఏమీ ఇవ్వరాదు – డాక్టరు' అని పెద్ద అక్షరాలతో అంటించండి. నోటిని మాత్రం రోజుకు రెండుసార్లు తడి గాజుగుడ్డతో తుడవాలి. తినని నోట్లోనే క్రిములు ఎక్కువ చేరతాయి.

ప్రశ్న: అమ్మ నాలుగు నెలలుగా మంచం మీదే ఉంది. ఎయిర్‌బెడ్ కొన్నాం. అయినా నడుము కింద ఎర్రబడి, ఇప్పుడు చర్మం లేచింది. పరుపు మంచిది కాదా?
– అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: పరుపు మనిషిని తిప్పదు, తిప్పాల్సింది మనమే. ఎయిర్‌బెడ్ ఒత్తిడిని కొంత తగ్గిస్తుంది, అంతే. పైగా దానిమీద దుప్పటి, రబ్బరుషీటు, అండర్‌ప్యాడ్, మళ్లీ బొంత వేసేశారంటే దాని పని అక్కడితో సరి. ఒక పల్చని దుప్పటి, అవసరమైతే ఒక ప్యాడ్ చాలు. గాలి సరిపోయిందో లేదో తెలియాలంటే అమ్మ పడుకుని ఉండగా నడుము కింద, పరుపు కిందనుంచి అరచెయ్యి దూర్చి చూడండి. ఎముక చేతికి తగలకూడదు, మధ్యలో అంగుళం గాలి ఉండాలి.

పగలు రెండు గంటలకోసారి ఎడమ, వెల్లకిల, కుడి. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడి అక్కడ కొత్త పుండు వస్తుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు ఒరిగిస్తే చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. పుండున్నంతకాలం వెల్లకిల వంతు తీసేసి కుడి, ఎడమలే వెయ్యండి. మధ్యలో రంధ్రం ఉండే ట్యూబు దిండు కొనకండి. దాని అంచు చుట్టూ రక్తం ఆడక పుండు పెరుగుతుంది.

పైకి జరిపేటప్పుడు చంకల్లో చేతులు వేసి ఈడ్చితే చర్మం రాసుకుని ఊడుతుంది. భుజాలనుంచి తొడలదాకా వచ్చేలా అడ్డదుప్పటి వేసి, ఇద్దరు రెండువైపులా పట్టుకుని ఎత్తి జరపాలి. పక్షవాతం ఉన్నవారినైతే పడిపోయిన చెయ్యి పట్టి అసలు లాగకూడదు, భుజం కీలు జారుతుంది.

ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. నల్లటి చర్మం మీద ఎరుపు కనిపించదు కాబట్టి వేడి, గట్టిదనం చేత్తో తడిమి చూడండి. అక్కడ మాత్రం మర్దన చెయ్యొద్దు. మీ అమ్మగారికి చర్మం లేచింది కనుక సెలైన్‌తో కడిగి, నర్సు చేత డ్రెస్సింగ్ చేయించండి. పసుపు, పౌడరు, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుండులో వద్దు. చివరి రెండూ కొత్తగా కట్టుకొస్తున్న చర్మాన్నే చంపేస్తాయి. నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా డాక్టరు చూడాల్సిందే. పాలు, పప్పు, గుడ్డు తగ్గితే ఎంత డ్రెస్సింగ్ చేసినా పుండు మానదు.

కరెంటు పోతే ఎయిర్‌బెడ్ పంపు ఆగుతుంది. పరుపు గొట్టాలు మడిచి క్లిప్పు పెడితే గాలి కొంతసేపు నిలుస్తుంది. నాలుగంగుళాల ఫోమ్ పరుపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మీరుండేది సింగ్ నగర్ కాబట్టి 2024 సెప్టెంబరు బుడమేరు వరద గురించి మేం చెప్పక్కర్లేదు. చీటీలు, రిపోర్టులు, వారానికి సరిపడా మందులు ఒక ప్లాస్టిక్ కవరులో ఎత్తున పెట్టి ఉంచండి.

ప్రశ్న: మేం ఇద్దరన్నదమ్ములం, ఒక అక్క. మంచాన పడి, ముక్కుపైపుతో మా ఇంట్లో ఉన్న నాన్నగారిని నెలకొకరింట్లో ఉంచుదామని అన్నయ్య అంటున్నాడు. రాత్రిళ్లు నా భార్యకు నిద్ర లేదు. ఏది సబబు?
– పటమట, విజయవాడ

జవాబు: మంచం మీది మనిషిని నెలకోసారి కదిలించడం మాకు నచ్చదు. ప్రతి మార్పుకూ పైపు జారే ప్రమాదం ఉంది, కొత్తవాళ్లు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. మనిషిని పంచుకోవడం కంటే పనిని పంచుకోండి. నాన్నగారు మీ ఇంట్లోనే ఉంటే, మందులు, డైపర్ల ఖర్చూ ఆసుపత్రి తిరుగుళ్లూ అన్నయ్యవి. వారానికి రెండు రాత్రులు అన్నయ్యగారింటి నుంచి ఎవరో ఒకరు వచ్చి పడుకోవాలి. అక్కయ్య నెలలో నాలుగు రోజులు వచ్చి ఉంటే ఆ నాలుగు రోజులూ మీ ఆవిడ పుట్టింటికి వెళ్లాలి, పక్క గదికి కాదు. ఇవన్నీ నోటిమాటగా కాక కాగితం మీద రాయండి.

రాత్రి విషయం: ఎయిర్‌బెడ్ ఉండి, ఉదయం చర్మం మీద ఎరుపు లేకపోతే రాత్రి నాలుగు గంటలకోసారి తిప్పినా చాలు. పదింటికి, రెండింటికి, ఆరింటికి. రెండింటి వంతు మీది. చివరి ఫీడింగు తొమ్మిదికల్లా ముగిస్తే పదింటికి తిప్పొచ్చు. ఆయాను పెట్టుకుంటే డైపరు మార్చడం, తిప్పడం, పైపులో పొయ్యడం మూడూ వచ్చో లేదో మొదటిరోజు మీరు పక్కనుండి చేయించి చూడండి. మంచానికి వేలాడదీసిన నోటుపుస్తకంలో ఎంత పోశారు, మూత్రం ఎంత వచ్చింది, ఏ పక్కకు తిప్పారు అన్నది చేసినవాళ్లే టైముతో రాయాలి. మూత్రం పైపు ఉండి, నాలుగు గంటలుగా సంచిలోకి ఏమీ రాకపోతే ముందు పైపు మెలికపడిందేమో చూడండి, తర్వాత డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: మంచాన పడ్డ పక్షవాతం రోగికి ప్రభుత్వ పింఛను ఉందంటున్నారు, నిజమేనా?
– గోరంట్ల, గుంటూరు

జవాబు: నిజమే. ఎన్టీఆర్ భరోసా కింద మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాతం రోగులకు 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయలు. ముందు సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంతో చూపే ప్రభుత్వ పత్రం కావాలి, దాని స్లాటు గురించి మీ సచివాలయంలో అడగండి. ఆధార్, రేషన్ కార్డు, డిశ్చార్జి కాగితం జిరాక్సులు మూడేసి తీసి ఉంచండి.

ప్రశ్న: మా మామగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మా ఎనిమిదేళ్ల బాబు తాతయ్య గదిలోకి వెళ్లనంటున్నాడు. బలవంతం చెయ్యాలా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వద్దు. 'తాతయ్యకు మెదడులో రక్తనాళం మూసుకుపోయింది, అందుకే చెయ్యి లేవట్లేదు, మాట రావట్లేదు. ఇది అంటుకునే జబ్బు కాదు, నీ అల్లరివల్ల వచ్చిందీ కాదు' అని స్పష్టంగా చెప్పండి. పిల్లలు ఆ చివరిమాట అడగరు గానీ లోపల అనుకుంటారు. తగ్గిపోతుందా అని అడిగితే 'డాక్టర్లు చూస్తున్నారు, ఏమైనా మారితే నీకు చెబుతాం' అనండి, చెప్పండి కూడా. మాట పోయినవాళ్లలో చాలామందికి ఎదుటివాళ్ల మాట ఎంతోకొంత అర్థమవుతుంది. అందుకని ఆయన ముందు ఆయన గురించి మాట్లాడకండి. బాబు తనంతట తాను వచ్చిన రోజు, అవునంటే కన్ను మూసి తెరవగలిగే ప్రశ్నలు అడగమనండి: 'తాతయ్యా, ఫ్యాను వెయ్యనా?' మీరు కుడివైపు పడిపోయిందని రాశారు కనుక మంచానికి ఎడమపక్కన కూర్చోబెట్టి, ఎడమ చెయ్యి పట్టుకోమనండి. ఆ స్పర్శ ఆయనకు తెలుస్తుంది.