పాత మౌజర్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీధర్‌కు మామయ్య ఆశీస్సులు.

నువ్వు కొన్న పాత మౌజర్ రైఫిల్ ఫొటోలు చూశాను. రిసీవర్ (బ్యారెల్ బిగించే ఉక్కు చట్రం) ఎడమ పక్కన ‘మోడ్. 98’ అనే ముద్ర, పైన ‘బివైఎఫ్’ అనే కోడ్, దాని కింద 43 అనే అంకె స్పష్టంగా ఉన్నాయి కనుక, అది జర్మనీలోని ఓబెర్న్‌డార్ఫ్ మౌజర్ కర్మాగారంలో 1943లో తయారైన 98కె రైఫిల్ అని అమ్మినవారు చెప్పిన మాటను నమ్మవచ్చు. అయితే ఆ ముద్రలన్నీ దాని పుట్టుక గురించినవే. యుద్ధం ముగిశాక అమెరికా సైనికులు ఇలాంటివి వేల సంఖ్యలో ఇంటికి తెచ్చుకున్నారు. కొయ్యను కోసి, బ్యారెల్ కురచ చేసి, స్కోపు బిగించి వేట తుపాకులుగా మార్చుకున్నారు. ఆ మార్పులు చేసినవారిలో నిపుణులూ ఉన్నారు, షెడ్డులో డ్రిల్లు పట్టుకున్న ఉత్సాహవంతులూ ఉన్నారు. నీ చేతిలో ఉన్నది ఎవరి పనో తేలేవరకు అందులో తూటా పెట్టవద్దు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఛాంబర్ (తూటా కూర్చునే గది) సంగతి. మౌజర్ 98కెకు అసలు తూటా 8×57, అంటే 8 మి.మీ. గుండు, 57 మి.మీ. పొడవు కేసు (మందు నింపే ఇత్తడి గొట్టం). ఆ రోజుల్లో టెక్సాస్‌లో ఆ తూటాలు దొరకడం కష్టం, .30-06 అనే అమెరికా తూటా ఖాళీ కేసులు మాత్రం ఎక్కడపడితే అక్కడ దొరికేవి. అందుకని చాలామంది ఛాంబర్‌ను లోపలికి తొలిపించి, .30-06 కేసుకు 8 మి.మీ. గుండు అమర్చిన 8ఎంఎం-06 తూటాకు సరిపోయేలా చేయించుకున్నారు. కేసు పొడవు 57 నుంచి 63 మి.మీ.కు పెరిగినా, బ్యారెల్ మీద కొత్త పేరు కొట్టించినవారు తక్కువ. అలాంటి ఛాంబర్‌లో మామూలు 8×57 తూటా పేలిస్తే, కేసు భుజానికి (మెడ దగ్గర సన్నబడే వాలుకు) ఆనిక లేక కేసు చిట్లి, మండే వాయువు బోల్టు (ఛాంబర్‌ను వెనకనుంచి మూసే కడ్డీ) పక్కలనుంచి నీ ముఖం వైపు రావచ్చు.

కాబట్టి గన్‌స్మిత్ చేత ఛాంబర్‌కు అచ్చు తీయించు. సెర్రోసేఫ్ అనే మిశ్రమలోహం 90 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది. దాన్ని ఛాంబర్‌లో పోసి, గట్టిపడగానే బయటికి తీసి, సుమారు గంట తర్వాత కొలుస్తారు. అది మొదట కాస్త కుంచించుకుపోయి, ఆ వేళకు ఛాంబర్ అసలు కొలతకు వస్తుంది. హెడ్‌స్పేస్ గేజీలు, అంటే మూసిన బోల్టుకూ ఛాంబర్‌లో తూటా ఆనేచోటుకూ మధ్య దూరాన్ని పరీక్షించేవి, ఆ తర్వాతి మాట. ఏ తూటాకు తొలిచారో తెలియకుండా ఏ గేజీ పెట్టాలో ఎలా తెలుస్తుంది? ఫైరింగ్ పిన్ (తూటాను తట్టి పేల్చే సూది), ఎక్స్‌ట్రాక్టర్ (కేసును బయటికి లాగే కొక్కెం) తీసేసి, వేలితో తేలికగా తోసినప్పుడు ‘గో’ (కనిష్ఠ కొలత) గేజీ మీద బోల్టు మూసుకోవాలి, ‘నో-గో’ (దాటకూడని కొలత) మీద మూసుకోకూడదు.

కొయ్య విప్పించి అడుగుభాగం కూడా చూడమను. పైన నల్లగా మెరిసే తుపాకీకి కొయ్య కింద తుప్పు గుంటలు ఉండటం కొత్త కాదు. బోల్టు పిడిని స్కోపుకు తగలకుండా వంచేటప్పుడు వేడి బాగా పాకి ఉంటే లోహం మెత్తబడి ఉంటుంది. బోల్టు ముందు లగ్గుల (బోల్టును రిసీవర్‌లో బిగించి పట్టే పళ్ల) మీద కొత్త గీతలు కనిపిస్తే, స్కోపు మౌంటు మరలు మరీ పొడవైనవి వేశారేమో అనుమానించాలి. లగ్గులు ఆనేచోట రిసీవర్ లోపల మెట్టులా నొక్కుకుపోయి ఉంటే మాత్రం ఇక దాన్ని గోడకు తగిలించుకోవడమే మంచిది.

సేఫ్టీ పరీక్ష నువ్వే చేయవచ్చు. ఛాంబర్, మ్యాగజైన్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకుని, బోల్టు మూసి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదులు. తర్వాత ట్రిగ్గర్ ముట్టకుండా సేఫ్టీ తీయి. పిన్ పడిందంటే ట్రిగ్గర్ మార్పించాల్సిందే. బోల్టు విసురుగా మూసినా, తుపాకీ మడమను (భుజానికి ఆనించే చివరను) రబ్బరు చాప మీద తట్టినా పిన్ పడకూడదు. తుపాకీని టైరుకు కట్టి, తాడుతో ట్రిగ్గర్ లాగి ఒక తూటా పేలిస్తే సరిపోతుందని రేంజిలో ఎవరైనా చెబితే వినవద్దు. ఒక్కసారి పగలనంత మాత్రాన పదోసారి పగలదని కాదు.

నీ స్నేహితుడు చూస్తున్న స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 అనే పాత అమెరికా సైనిక రైఫిల్ గురించి ఒక్క మాట. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ కర్మాగారంలో తయారైనది అయితే 8,00,000 లోపు, రాక్ ఐలండ్ కర్మాగారంలో తయారైనది అయితే 2,85,507 లోపు సీరియల్ నంబరు ఉన్న రిసీవర్లు పెళుసుగా పగిలే ప్రమాదం ఉన్నవి. ఎంత చవకగా వచ్చినా వద్దని చెప్పు. అతను ఇంకా హెచ్-1బి ఉద్యోగ వీసా మీదే ఉన్నాడు కనుక, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరమనీ చెప్పు.

అన్నీ సరిగా తేలితే, అచ్చులో వచ్చిన తూటా పేరును బ్యారెల్ మీద స్పష్టంగా కొట్టించి, గన్‌స్మిత్ రాసిచ్చిన కొలతల కాగితాన్ని తుపాకీ పెట్టెలోనే ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య