బంపర్ నువ్వే అతికించు, క్లియర్ మాత్రం ఇంట్లో కొట్టకు

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఆల్టో ముందు బంపర్ పగిలిందని, నువ్వే విప్పి అతికించి రంగు, దాని మీద మెరుపు కోసం కొట్టే క్లియర్ కూడా నువ్వే వేస్తానంటున్నావని చెప్పింది. కంప్రెషర్, రంగు కొట్టే గన్ను కిరాయికి మాట్లాడుకున్నావట. విని చాలా సంతోషపడ్డాను. మన ఇంట్లో గన్ను పట్టింది మీ బాపు, నేను. మూడోదానివి నువ్వవుతావని ఎన్నడూ అనుకోలేదు. కానీ ఆ కంప్రెషర్ మాట విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఫోన్లో తొందరగా చెబితే సగం వింటావు, అందుకే రాస్తున్నాను. మొత్తం చదివాకే పనిలో చెయ్యి పెట్టు.

విప్పడం గురించి చెప్పేదేం లేదు. క్లిప్పులు, స్క్రూలు ఒక డబ్బాలో వేసుకో, ఊడదీసేటప్పుడు రెండో వైపు ఎవరినైనా పట్టుకోమను. బంపర్ బయటికొచ్చాక వెనకున్న ఇనుప పట్టీ వంగిందేమో చూడు. వంగితే ముందు అది సరిచేయించు, లేకపోతే బిగించేటప్పుడు బంపర్ లాక్కుపోయి మళ్లీ అక్కడే పగులుతుంది. తర్వాత సర్ఫు నీళ్లతో లోపలా బయటా కడుగు. ఎమరీ పేపర్ పట్టకముందే కడగాలి. పాత పాలిష్ జిడ్డు మీద రుద్దావంటే అది గీతల్లోకి దిగి కూర్చుంటుంది, రేపు రంగు అక్కడ నిలవక గుంటలు గుంటలుగా విచ్చుకుంటుంది.

బంపర్ లోపలి వైపు అచ్చులోనే వచ్చిన చిన్న అక్షరాలుంటాయి. పీపీ అని గానీ, పీపీ ప్లస్ ఈపీడీఎం అని గానీ ఉంటే అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. చాలా కార్ల బంపర్లు అవే. దానికి ఇంట్లో ఉండే గమ్ములేవీ పట్టవు, పట్టినట్టు కనబడి ఒక్క స్పీడ్ బ్రేకర్‌కు ఊడిపోతాయి. దాన్ని కరిగించి కలపాల్సిందే. ఆటోనగర్‌లో స్క్రాప్ షాపుకు పోయి అవే అక్షరాలున్న పాత బంపర్ ముక్క ఒకటి అడుగు. సన్నగా చీల్చుకుంటే అదే నీకు వెల్డింగ్ రాడ్.

పగులు ఎక్కడ ఆగిందో అక్కడ 3 మిల్లీమీటర్ల బిట్‌తో చిన్న రంధ్రం వెయ్. అది లేకపోతే నువ్వెంత బాగా అతికించినా పగులు ముందుకు పాకుతుంది. వెల్డింగ్ లోపలి వైపు నుంచి మొదలుపెట్టు. పగులు వెంబడి వీ ఆకారంలో గాడి తీసి, సోల్డరింగ్ ఐరన్‌తో రాడ్‌నూ బంపర్‌నూ కలిపి కరిగించు. రెండూ మెత్తబడి ఒకదాంట్లో ఒకటి కలిసిపోవాలి. పొగ వస్తుందంటే వేడి ఎక్కువైంది, ప్లాస్టిక్ మాడితే బలం పోతుంది. చల్లారాక గోటితో లాగి చూడు. పెచ్చులా లేచి వచ్చిందంటే పైపైన కూర్చుందే తప్ప కలవలేదు, తీసి మళ్లీ చెయ్. మూల దగ్గర పగులు కాబట్టి లోపలి వైపు సన్నటి స్టీలు జాలీ ముక్క వేడిచేసి అందులోకి దింపు. మొదట పైకి కనబడని అంచు మీద చెయ్యి అలవాటు చేసుకో. ఇవన్నీ నువ్వు చెయ్యగలవు, నాకు అనుమానం లేదు.

పుట్టీ కొనేటప్పుడు రేకుకు వేసేది తేకు, బంపర్ పుట్టీ అని అడుగు. బంపర్ వంగుతుంది, రేకు పుట్టీ వంగదు. పుట్టీ కలిపేటప్పుడు వేసే ట్యూబులోని పేస్టుకూ, నేను కింద చెప్పబోయే క్లియర్ హార్డనర్‌కూ సంబంధం లేదు. పుట్టీ రుద్దేటప్పుడు ఎన్95 కట్టుకుంటే చాలు.

ఇప్పుడు అసలు మాట.

మీ బాపు ఆయాసం ఎనుమాముల మార్కెట్ పత్తి దుమ్ము వల్ల వచ్చిందని నీకు చెప్పి ఉంచాం. మార్కెట్ రోడ్డు మీదే ఇల్లు కాబట్టి నువ్వూ నమ్మావు. అది పెయింట్ వల్ల వచ్చింది.

మొదట్లో మేము ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ పెయింటే వేసేవాళ్లం. థిన్నర్ ఘాటుకు కళ్లు మండేవి, తల దిమ్మెక్కేది. తర్వాత పీయూ, అంటే పాలీయురెథేన్ పెయింట్ వచ్చింది. క్లియర్‌లో అది గట్టిపడేందుకు హార్డనర్ అనే మందు కలిపి కొడితే పాలిష్ పట్టకుండానే అద్దంలా మెరిసేది, కస్టమర్లందరూ అదే కావాలనేవాళ్లు. దుమ్ము పడకుండా షెడ్డు తలుపులు మూసి, ముఖానికి తడిపిన దస్తీ కట్టుకుని బావ గన్ను పట్టేవాడు. షెడ్డు ఓనర్ మాస్క్ మాట ఎన్నడూ ఎత్తలేదు. నేను అడిగితే బావ, "ఎన్‌సీ కంటే దీని వాసనే తక్కువ, నాకేం గాదు" అనేవాడు. హార్డనర్‌లో ఉండే ఐసోసైనేట్లు అనే రసాయనాలు ముక్కుకు తెలియవు. వాసన లేదు కాబట్టి మంచిదనుకోవడమే బావ చేసిన తప్పు.

పని చేస్తున్నప్పుడు ఏమీ అయ్యేది కాదు. అర్ధరాత్రి దగ్గు మొదలయ్యేది. మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి కోసం భుజాలు ఎగరేసేవాడు. మీ అమ్మ వీపు రాస్తూ తెల్లవారేదాకా కూర్చునేది. జలుబన్నాం, చల్లగాలి అన్నాం. ఒకసారి అందరం మేడారం జాతరకు పోయాం. ఆ జనంలో, ఆ దుమ్ములో తిరిగి, జంపన్నవాగులో స్నానం చేసి, ఆరుబయట పడుకున్నాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు. సమ్మక్క తల్లి దయ అనుకున్నాం. తిరిగొచ్చి షెడ్డులో గన్ను పట్టిన రోజు రాత్రే మళ్లీ మొదలైంది. డాక్టర్‌కు ఈ సంగతి చెప్పగానే, "ఏం పని చేస్తావు?" అని అడిగాడు. దూరం పోతే తగ్గి, పనికి రాగానే తిరగబెట్టే ఆయాసం పనిలోంచే వస్తుందన్నాడు. ఒకసారి ఒంటికి పడకుండా అయ్యాక, పక్క షెడ్డులో ఎవరో కొట్టినా బావకు ఛాతీ పట్టేసేది. చేతిలో అంత పనితనం ఉన్న మనిషి ఆ పనికే దూరమయ్యాడు. చొక్కా జేబులో ఇన్‌హేలర్ అప్పటినుంచే.

ఇప్పుడు నువ్వు అదే ఇంటి వాకిట్లో, బాపు పడుకునే కిటికీ కింద, క్లియర్ కొడతానంటున్నావు! నీ మీద కోపం లేదు తల్లీ, చెప్పని తప్పు పెద్దవాళ్లది. గాలిని వడకట్టే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కొన్నాను అంటావేమో. ఆ కార్ట్రిడ్జ్ ఎప్పుడు పనిచేయడం మానేసిందో వాసన లేనిదానికి ఎట్లా తెలుస్తుంది? దీనికి గొట్టం ద్వారా బయటి మంచిగాలి అందించే మాస్క్ కావాలి. నీకు మాస్క్ ఉన్నా లోపల బాపుకు ఏముంది? అడుగున బటన్ నొక్కి లోపలి హార్డనర్‌ను కలిపి వాడే టూకే స్ప్రే డబ్బాలోనూ అదే మందు ఉంటుంది, చిన్న డబ్బానే కదా అనుకోకు. రంగుకు ముందు వేసే ప్రైమర్లలో కూడా హార్డనర్ కలిపేవి ఉన్నాయి. నువ్వు హార్డనర్ అక్కర్లేని వన్‌కే ప్రైమరే తెచ్చుకో. అది కూడా మేడ మీద, బాపు ఇంట్లో లేనప్పుడు.

ప్రైమర్‌కు ముందు బయటపడ్డ ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ ప్రైమర్ పలుచగా ఒక కోటు పడాలి. అది లేకుండా పీపీ మీద ఏ రంగూ నిలవదు, వాటర్ సర్వీసింగ్‌లో పొరలుగా లేస్తుంది. ప్రైమర్ బాగా ఆరాక 600 నంబరు ఎమరీ పేపర్‌తో నీళ్లు పోస్తూ రుద్దు.

అక్కడితో ఆపి, బంపర్‌ను ఆటోనగర్‌లో పెయింట్ కొట్టే బూత్ (మూసిన గది) ఉన్న షాపుకు తీసుకుపో. బేస్ కోటు అంటే రంగు పొర, దాని మీద క్లియర్, రెండూ వాళ్లే వేయాలి. ఎట్లాగూ ఇది పత్తి సీజన్, మీ రోడ్డు మీద ట్రాలీలు పోతుంటే పచ్చి క్లియర్ మీద దూది పోగులు పడక మానవు. నీది సిల్వర్, అన్నిట్లోకీ కష్టమైన రంగు. తడిగా కొడితే ముదురుగా, పొడిగా కొడితే లేతగా కనబడుతుంది. పైగా ఇన్నేళ్లు ఎండకు వెలిసిన బండి, కలర్ కోడ్ ఒక్కటే నమ్మితే కుదరదు. ముందు అట్టముక్క మీద కొట్టించి, ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) పక్కన పెట్టి పగటి వెలుతురులో చూశాకే సరేనను. ఇంకోటి, అక్కడ గన్ను పట్టే పిల్లగాడి ముఖానికి సరైన మాస్క్ ఉందో లేదో చూడు. దస్తీ కట్టుకుని కొట్టే షాపైతే, ఎంత తక్కువకు చేస్తామన్నా ఇంకో షాపు చూసుకో.

కిరాయికి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే పోనీ, నేనిస్తాను. ఆదివారం పొద్దున జమ్మికుంటలో రైలెక్కి వస్తున్నాను. అప్పటికి వెల్డింగ్ చేసి పెట్టు, వంచి చూస్తాను. పుట్టీ మాత్రం నేను వచ్చేదాకా ముట్టకు. పేపర్లు నా దగ్గరున్నాయి, కొనకు. ఇదంతా నీకు రాశానని బాపుతో నేనే చెబుతాను.

నీ మేనమామ